ఏడు చీటీల తప్పు

...అయినా, నిలబడి మాట్లాడితే మాటలు తొందరగా తెములుతాయని కనిపెట్టినవాడికి మేనత్తలు లేరేమో. పాతకాపుకి మాత్రం ఇద్దరున్నారు. ఇద్దరూ కుర్చీలో ఉన్నంతసేపూ కునికిపాట్లు పడేవారు. వెళ్ళొస్తామని లేచి, చెప్పులు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, గుమ్మంలో నిలబడ్డాకే అసలు సంగతులు మొదలయ్యేవి. ఒక చెయ్యి తలుపు మీద, ముప్పావు గంట. ఇంట్లో కుదిరిన పెళ్ళిళ్ళూ, చెడిన పెళ్ళిళ్ళూ, ఎవరు ఎవరితో మాట్లాడకూడదో ఆ తీర్మానాలూ అన్నీ గుమ్మంలో జరిగినవే. నిలబడ్డ మనిషికి తను వెళ్ళిపోతున్నానన్న నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకంతో ఎంతసేపైనా ఉండిపోవచ్చు.

ఇవాళ ఆఫీసులో అందరూ నిలబడి ఇరవై ఆరు నిమిషాలైంది. కొత్త పద్ధతి పుస్తకం ప్రకారం పదిహేను. గోడ ముందు అర్ధచంద్రాకారంగా ఆరుగురు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో, దారికి అడ్డం ఏముందో చెప్పాలి. ఆరుగురూ నిన్న చేసింది ఎక్కువగా ఇలాంటి సమావేశాల్లో నిలబడటమే కాబట్టి, చెప్పడానికి కాస్త కల్పనాశక్తి కావలసి వస్తోంది. తన వంతు వచ్చినప్పుడు అతను, "నిన్నటి పనే ఇవాళా, అడ్డంకులేమీ లేవు," అన్నాడు. మూడు నెలలుగా ఇదే వాక్యం. ఎవరూ పట్టుకోలేదు. గోడ మీద పట్టికకి పచ్చరంగు చీటీ అంటించి, ఆ పద్ధతి నేర్పడానికి వచ్చిన కోచ్‌గారు చిరునవ్వు నవ్వారు.

అతన్ని ఆఫీసులో పాతకాపు అంటారు, ఎదురుగా మాత్రం సార్ అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే ప్రోగ్రాములు రాస్తున్నాడు. వాళ్ళ కంపెనీ చేసేది ఒకటే సరుకు: పిల్లలకు టీకాలు వేసే కేంద్రాల్లో మందు దాచే ఫ్రిజ్‌లు ఉంటాయి కదా, వాటి లోపల ఎంత చల్లగా ఉందో కనిపెట్టి తెర మీద చూపించే ప్రోగ్రాము. ఫ్రిజ్‌లో ఒక చిన్న తీగ, దాని కొసన సెన్సర్. అది కొలిచిన అంకె గోడకున్న తెర మీద పడుతుంది. రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉంటే మందు మంచిది. దాటితే అలారం మోగుతుంది. ఇంతే. ఇంత చిన్న పని చేసే ప్రోగ్రామును పంతొమ్మిదేళ్ళుగా ఎందుకు రాస్తున్నారని అతని భార్య ఒకసారి అడిగింది. ఆ ప్రశ్నను అతను చాలాకాలం గౌరవించాడు, జవాబు మాత్రం చెప్పలేదు.

మేనేజరు మంచివాడు. ఆయనకున్న ఒకే ఒక్క బలహీనత క్లాసులు. ఎక్కడ ఏ కొత్త పద్ధతి నేర్పుతున్నారన్నా వెళ్ళిపోతాడు, మూడోరోజుకి మారిన మనిషై తిరిగొస్తాడు. తొమ్మిదేళ్ళ కింద అలా వెళ్ళి బెల్టుల పద్ధతి తెచ్చాడు. ఒక ఏడాది అందరికీ రంగురంగుల బెల్టులు ఇచ్చారు, కట్టుకోవడానికి కాదు, కాగితం మీద. పాతకాపుది పసుపు. ఆ తర్వాత సంతకాల పద్ధతి వచ్చింది. ఒక్క అక్షరం మార్చాలన్నా తొమ్మిది సంతకాలు, ప్రతి సంతకానికీ ఒక కారణం, ప్రతి కారణానికీ ఒక అనుబంధం. ఆ దస్తావేజుల కట్టలు ఇప్పుడు ప్రింటరు కింద ఎత్తు కోసం పనికొస్తున్నాయి. అవి ఉపయోగపడటం అదే మొదలు.

నాలుగు నెలల కింద ఎజైల్ అనే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో తప్పేం లేదని పాతకాపు తనలో తను చాలాసార్లు ఒప్పుకున్నాడు. పనిని చిన్న ముక్కలు చేసుకోవడం, రెండు వారాలకొకసారి ఎంత అయిందో చూసుకోవడం, వాడేవాళ్ళని అడగడం: ఇందులో ఏ ముక్కా కాదనలేం. కానీ వాళ్ళ ఆఫీసుకు వచ్చేసరికి వాడేవాళ్ళని అడగడం దారిలో ఎక్కడో జారిపోయి, ముక్కలు చేయడం ఒక్కటే మిగిలింది. సమావేశం గదిలోంచి కుర్చీలు తీసేశారు. పదోరోజున ఒకామెకి మోకాళ్ళు పట్టేస్తే ఎత్తు స్టూళ్ళు కొన్నారు. పాదాలు నేలకి ఆనకపోతే అది కూర్చోవడం కిందికి రాదని కోచ్‌గారు తీర్పు చెప్పారు. కోచ్‌గారికి ముప్పై రెండేళ్ళుంటాయి. ప్రోగ్రాము ఎప్పుడూ రాయలేదట. అందువల్లే తనకి స్పష్టత ఉందని ఆయనే వినయంగా చెప్పుకున్నారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, టెస్టరమ్మాయి ఆ తీగ పీకకుండా ఉంటే.

ఆమెను అందరూ సందేహం అంటారు. తయారైన ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తోందా లేదా చూడటం ఆమె పని. అందుకు ఆఫీసు మూలన ఒక నమూనా ఫ్రిజ్ ఉంది. ఒకరోజు ఆమె అందులోని సెన్సర్ తీగ పీకేసి, తెర వంక చూస్తూ నిలబడింది. తీగ చేతిలో ఉంది, తెర మీద నాలుగు డిగ్రీలు అలాగే ఉంది. ఆమె ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంచి పనిచేసుకోవడానికి వెళ్ళింది. గంట తర్వాత కూడా తెర మీద నాలుగే. సెన్సర్ మూగబోతే ప్రోగ్రాము చివరిసారి విన్న అంకెనే పట్టుకుని కూర్చుంటోంది. లోపల మందు ఉడికిపోతున్నా సరే, తెర నాలుగనే అంటుంది. ఆమె చీటీ మీద అదే రాసింది, చివర, "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని కలిపింది.

పదకొండేళ్ళ నుంచి. జవాబు తెలిసినవాడు ఒక్కడే, పాతకాపు. ఎందుకంటే ఆ పని చేసింది అతనే.

అప్పట్లో పాత యజమాని ఉండేవాడు. కొనేవాళ్ళకి చూపించే రోజు ఒక సెన్సర్ మొరాయించింది. తెర మీద ఒక గడి ఖాళీగా పడింది. యజమాని దాని వంక చూసి, "ఏమయ్యా, పన్నూడిన నోరులా ఉంది, చూడలేకపోతున్నాను," అన్నాడు. పాతకాపు, అప్పటికింకా పాత కాలేదు, అరగంటలో మూడు పంక్తులు రాసి ఆ గడిలో పాత అంకె నిలబడేట్టు చేశాడు. పక్కన తన పొడి అక్షరాలతో ఒక వ్యాఖ్య కూడా పెట్టాడు: తాత్కాలికం, వచ్చే వారం సరిచేయాలి. ఆ వచ్చే వారం పదకొండేళ్ళుగా రాలేదు. మొదటి ఏడాది మర్చిపోయాడు. రెండో ఏడాది గుర్తొచ్చింది కానీ వేరే పని ఉంది. మూడో ఏడాదికి, ఇప్పుడు చెబితే ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటారన్న భయం మొదలైంది. ఆ భయం వింతది. రోజు గడిచేకొద్దీ దానికి కారణం పెరుగుతుంది, పెరిగిన కారణమే మరో రోజు గడపడానికి కారణమవుతుంది. తప్పు పాతబడేకొద్దీ తన పేరు కూడా పాతకాపుగా పెద్దదైంది. అందరూ తనని నమ్ముతున్నారు. ఆ నమ్మకం కూడా తెర మీది అంకెలాంటిదేనని అతనికి ఒకటి రెండుసార్లు తోచింది. తోచిన వెంటనే పోలిక మరీ చక్కగా కుదిరిందని తనని తను విసుక్కున్నాడు. తప్పు చేసినవాడికి పోలికలు దొరకడం కూడా ఒక తప్పించుకోవడమే.

ఆ చీటీకి పాయింట్లు వేసే రోజు వచ్చింది. ఏ పని ఎంత పెద్దదో తేల్చడానికి ప్రతివాడి చేతిలోనూ అంకెల కార్డులు ఉంటాయి. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు. నాలుగు లేదు, ఆరు లేదు. ఎందుకు లేవో కోచ్‌గారు రెండుసార్లు చెప్పారు, ఎవరికీ ఎక్కలేదు. పాయింటంటే గంట కాదట, రోజు కాదట, శ్రమ తాలూకు అనుభూతట. మేనేజరు మాత్రం తన గదిలోకెళ్ళి ఆ అనుభూతిని నాలుగుతో హెచ్చించి గంటలు రాసుకుంటాడని అందరికీ తెలుసు.

ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ ఒకేసారి కార్డు ఎత్తాలి. సందేహం రెండు ఎత్తింది. తక్కినవాళ్ళు మూడూ అయిదూ ఎత్తారు. పాతకాపు పదమూడు ఎత్తాడు.

మూడు పంక్తులు చెరిపితే సరిపోయే పని. కానీ చెరపడానికి ఎవరు ఆ ఫైలు తెరిచినా, అందులో తన పొడి అక్షరాలు, ఆ తాత్కాలికం, ఆ తేదీ. పదమూడు చూస్తే జడుసుకుని వదిలేస్తారనుకున్నాడు. అలా అనుకున్నాడని కూడా అతను తర్వాత తేల్చుకున్నదే. ఆ క్షణంలో చెయ్యి దానంతటదే లేచింది, వేడి గిన్నె తగిలితే వెనక్కొచ్చినట్టు.

సందేహం అతని వంక చూసింది. "సెన్సర్ మాట్లాడకపోతే మాట్లాడటం లేదని చూపించాలి. అంతేగా సార్. దీనికి పదమూడేంటి?"

"పైకి అలాగే ఉంటుందమ్మాయ్," అన్నాడు అతను. "కదిపితే ఎక్కడెక్కడ కదులుతుందో చెప్పలేం."

గంభీరంగా మాట్లాడటం అతనికి అబద్ధం కన్నా తేలిక. ఆ గొంతు విని మూడు ఎత్తినవాళ్ళు సిగ్గుపడి కార్డులు మార్చుకున్నారు. కోచ్‌గారి కళ్ళు మెరిశాయి. పదమూడంటే మరీ పెద్దది, ముక్కలు చేయాలన్నారు. మధ్యాహ్నమంతా నిలబడి, అంటే స్టూళ్ళ మీద ఎక్కి, ఏడు ముక్కలు చేశారు. సమస్యను అర్థం చేసుకోవడం ఒక చీటీ. ఎన్ని కేంద్రాల్లో ఈ ప్రోగ్రాము నడుస్తోందో లెక్క తీయడం ఒకటి. సెన్సర్ మూగబోయినప్పుడు గడి ఏ రంగులో ఉండాలో నిర్ణయించడం ఒకటి, అందులో ఏ మాటలు రాయాలో ఒకటి. ఆ రంగునీ మాటల్నీ కలిపి సమీక్షించడం మరొకటి. పరీక్షించే ప్రణాళిక రాయడం, వాడేవాళ్ళకిచ్చే పుస్తకంలో పేజీ చేర్చడం. ఏడూ అంటించాక పెద్ద చీటీని కోచ్‌గారు చింపేశారు. ఇక అది ఉంటే రెండుసార్లు లెక్కవుతుందట.

ఏడు చీటీల్లో ఎక్కడా సరిచేయడమన్నది లేదు. ఎవరూ కావాలని వదల్లేదు. అది అవతలివాడి చీటీలో ఉందని ప్రతివాడూ అనుకున్నాడు. పాతకాపు ఒక్కడే గోడ మీద చీటీలు లెక్కపెట్టాడు, ఎనిమిదోది లేదని ఆ సాయంత్రమే గమనించాడు, గమనించి బస్సెక్కి ఇంటికెళ్ళిపోయాడు. మొదటి తప్పుకి పదకొండేళ్ళు. దాన్ని చేసింది ఎవరో కుర్రవాడు అన్నట్టు దూరంగా చూడగలడు. రెండో తప్పు ఆ రోజుది, యాభై రెండేళ్ళవాడిది.

భార్య కారు నడపడం నేర్పుతుంది. రోజంతా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరిగొస్తుంది కాబట్టి ఇంట్లో చిన్న విషయాలకి కంగారుపడదు. ఆమె కూరగాయలు తరుగుతుంటే అతను, ఆఫీసులో ఒకతను ఉన్నాడనీ, అతనికొక పాత పొరపాటు తెలుసనీ, చెప్పడం లేదనీ, వేరేవాళ్ళ కథలా చెప్పుకొచ్చాడు.

"ఆ ఒకతను మీ కళ్ళజోడే పెట్టుకుంటాడా?" అంది ఆమె తల ఎత్తకుండా.

ఆమె కత్తి పక్కన పెట్టింది.

"నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది తెలుసుగా. నేర్చుకునేవాళ్ళకి ధైర్యంగా ఉంటుందని దాని మీద కాలు పెట్టుకుని కూర్చుంటాను. పెట్టుకుని కూర్చోవడం వేరు, తొక్కడం వేరండీ. ఎదురుగా గోడ వచ్చాక కూడా ఊరికే పెట్టుకుని కూర్చుంటే నేనెందుకక్కడ?"

"చెబితే ఏమంటారో."

"తిడతారు. ఇంతవరకూ తిట్లు తిననట్టు మాట్లాడతారేం."

తిట్లంటే భయం కాదని అతను చెప్పలేదు. భయం ఆ తర్వాతి దాని గురించి. పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్ళినప్పుడు తన గంభీరమైన గొంతుకి ఎవరూ కార్డు మార్చుకోని రోజు గురించి. ఆ రోజు తనెవరు? ఈ ప్రశ్న అతనికి ఎంత పెద్దదిగా కనిపించిందంటే, దాని పక్కన ఫ్రిజ్‌లో మందు చాలా చిన్నదైపోయింది. మనసు అలాగే చేస్తుంది. తన బాధకి దగ్గరగా నిలబడి, ఎదుటివాడి ప్రాణాన్ని దూరం నుంచి చూస్తుంది, ఏది పెద్దదో నువ్వే చెప్పమంటుంది.

చీటీలు ఒక్కొక్కటీ కదిలాయి. గడి రంగు తేలడానికే మూడు వారాలు పట్టింది. బూడిద రంగు నిరాశగా ఉందని ఒకరు, నారింజ బెదిరిస్తున్నట్టుందని ఒకరు. చివరికి నీలం బూడిద అన్నారు. చీటీ గోడ మీద ఆఖరి గడికి చేరినప్పుడల్లా మోగించడానికి మేనేజరు ఒక గంట తెచ్చాడు. మోగించినవాళ్ళకి చప్పట్లు. వేగం పెరుగుతోందని చూపే గీత ఒకటి గోడ మీద పైకి పాకింది. ఏడో చీటీ నిన్న, గురువారం, చేరింది. మేనేజరు కళ్ళు చెమర్చాయి. సంతకాల కాలంలో అయితే ఇది రెండేళ్ళు పట్టేదన్నాడు.

చప్పట్లు ఆగకముందే సందేహం మూలకి వెళ్ళి నమూనా ఫ్రిజ్‌లో తీగ పీకింది. అందరూ తలలు తిప్పారు. తెర మీద నాలుగు.

"ఇంకా నాలుగే చూపిస్తోందండీ," అంది.

మేనేజరు, ఆ తప్పు మూసేశామనీ, మళ్ళీ కనిపిస్తే అది కొత్త తప్పు కిందికి వస్తుందనీ, కొత్త చీటీ రాయమనీ చెప్పాడు. ఆమె వదల్లేదు. గోడ మీద అయిపోయింది, ఫ్రిజ్‌లో అవలేదంది. కోచ్‌గారు మెత్తగా, ఆమె ఫలితం చూస్తోందనీ తాము ప్రవాహం చూస్తున్నామనీ అన్నారు. ఆ మాటకి ఆమె పాతకాపు వంక చూసింది. సార్, మీరైనా చెప్పండి అన్న చూపు. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఇదంతా నిన్నటి సంగతి. ఇవాళ పొద్దున ఇరవై ఆరు నిమిషాలు నిలబడి, అడ్డంకులేమీ లేవని చెప్పి, అతను తన బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు. రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. తనకి కావలసింది ఒక్కటే, ఏ ప్రమాదమూ లేదన్న భరోసా. సెన్సర్లు ఏమంత తరచుగా పాడవుతాయి? ఆ భరోసా కోసమే నలభై కేంద్రాల నుంచి వచ్చే అంకెలు తెరిచాడు. ఇన్నేళ్ళలో ఇలా వరసగా ఎప్పుడూ చూడలేదు.

ఫ్రిజ్‌లో అంకె అన్నది కదులుతుంది. నర్సు తలుపు తీస్తే అంకె కాస్త పైకి వెళ్తుంది, మూస్తే మెల్లగా దిగుతుంది. మోటారు ఆగితే ఎక్కుతుంది, తిరిగితే తగ్గుతుంది. గీతలు గీసి చూస్తే నిద్రపోతున్న మనిషి ఛాతీలా ఉంటాయి. మొదటి కేంద్రం అలాగే ఉంది. రెండోది, పదోది, ఇరవయ్యోది కూడా. అతనికి ఊపిరి తేలికైంది. లేచి కాఫీ తెచ్చుకున్నాడు కూడా.

ముప్పై ఒకటో కేంద్రం దగ్గర గీత తిన్నగా ఉంది.

మంగళవారం పొద్దున పదకొండూ పది వరకూ కదిలింది. ఆ తర్వాత నాలుగు పాయింట్ రెండు. మధ్యాహ్నం నాలుగు పాయింట్ రెండు. బుధవారమంతా, గురువారమంతా, ఇప్పుడు కూడా. తలుపు ఎన్నిసార్లు తీసి ఉంటారు, ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు. ఇవాళ శుక్రవారం. మూడు రోజులు.

ఫ్రిజ్ చల్లగానే ఉండి ఉండొచ్చు. తీగ ఒక్కటే ఊడి ఉండొచ్చు. ఉండొచ్చు, ఉండొచ్చు అని అతను ఎన్నిసార్లు అనుకున్నాడో తెలియదు, కాఫీ మీద మీగడ కట్టింది. ఫ్రిజ్ కూడా ఆగిపోయి ఉంటే, మూడు రోజులుగా చచ్చిన మందు వేస్తున్నారు. పిల్లలు ఏడుస్తారు, తల్లులు బుజ్జగిస్తారు, కార్డు మీద టిక్కు పెట్టించుకుని గండం గడిచిందని ఇంటికెళ్తారు. ఆ పిల్లల్లో ఎవరికీ ఇవాళ ఏమీ కాదు. అదే అందులో ఘోరం. ఎప్పుడో, ఎక్కడో, జ్వరం వచ్చినప్పుడు కూడా ఎవరికీ ఈ మంగళవారం గుర్తుకురాదు. తన పొడి అక్షరాలు అక్కడిదాకా ఎవరూ వెతుక్కుంటూ రారు. తను పూర్తిగా తప్పించుకోగలడని అంత స్పష్టంగా తెలిసిన క్షణంలోనే అతను కుర్చీలోంచి లేచాడు.

మేనేజరు గదికి వెళ్ళాడు. గీత చూపించాడు. తన సంగతి మాత్రం చెప్పలేదు, ముప్పై ఒకటో కేంద్రంలో ఏదో తేడాగా ఉందన్నాడు. మేనేజరు శ్రద్ధగా విన్నాడు. కొత్త స్ప్రింట్, అంటే రెండు వారాల పని విడత, నిన్ననే మొదలైందనీ, మొదలయ్యాక అది ముగిసేదాకా అందులోకి కొత్త పని రానివ్వకూడదనీ, రానిస్తే పద్ధతికి అర్థమేముందనీ అన్నాడు. కేంద్రాలతో మాట్లాడాల్సింది ప్రొడక్ట్ ఓనర్ గారు, ఆయన రాబోయే పద్ధతి క్లాసుకి వెళ్ళారు, వచ్చే గురువారం వస్తారు.

"నేనే ఫోన్ చేసి అడగనా?" అన్నాడు పాతకాపు.

"అయ్యో, మీరు చేస్తే రేపు అందరూ చేస్తారు. మీలాంటి పెద్దవారే లైను దాటితే ఎలా? చీటీ రాయండి, నేను పైన పెడతాను."

అతను బల్ల దగ్గరికొచ్చి చీటీ రాశాడు: ముప్పై ఒకటో కేంద్రం, సెన్సర్ మూగబోయిందా? రాసి, ఆ ప్రశ్నార్థకం వంక చూస్తూ ఉండిపోయాడు. తనకి తెలుసు. తెలిసిన సంగతి చివర ప్రశ్నార్థకం పెట్టినవాడు ఎలాంటివాడో కూడా తెలుసు. పదకొండేళ్ళ కింద తాత్కాలికం అని రాసిన చెయ్యే ఇది, ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఒక వంకర గీత.

మూడింటికి అందరినీ వెనక్కి చూసుకునే సమావేశానికి పిలిచారు. అయిన పనిలో మంచీ చెడూ చెప్పుకోవడానికి ఆ సమావేశం. అందరూ స్టూళ్ళెక్కారు. కోచ్‌గారు కళ్ళు మూసుకుని మూడుసార్లు దీర్ఘంగా ఊపిరి తీసుకోమన్నారు. తర్వాత, ఏం సంతోషపెట్టింది, ఏం బాధపెట్టింది, ఎవరికి కృతజ్ఞత చెప్పాలనుంది, మాట్లాడకుండా అయిదు నిమిషాల్లో రాయమన్నారు. ఈ గదిలో ఎవరినీ నిందించబోమని, ఇది భద్రమైన చోటని గుర్తుచేశారు.

నిజంగానే భద్రమైన చోటు. మెత్తటి వెలుతురు, తలుపు వేసి ఉంది, అందరి తలలూ వంచి ఉన్నాయి. ఎవరినీ నిందించని గదిలో, నింద అవసరమైనవాడు ఎక్కడ నిలబడాలి? ఇక్కడ తను లేచి నిజం చెబితే ఏమవుతుందో అతను ముందే చూడగలిగాడు. కోచ్‌గారు ధైర్యంగా పంచుకున్నందుకు ధన్యవాదాలంటారు. చప్పట్లు కొడతారు. తన తప్పు ఒక గులాబీ రంగు చీటీ అయి, బాధపెట్టినవి అన్న గడిలో అంటుకుని, సోమవారానికి ఊడి కింద పడుతుంది. ముప్పై ఒకటో కేంద్రంలో అంకె మాత్రం నాలుగు పాయింట్ రెండు.

పక్క స్టూలు మీద సందేహం చీటీ ఖాళీగా ఉంది. ఆమె రాయడం లేదు. అతను ఆమె వైపు వంగి మెల్లగా అడిగాడు, కేంద్రాల నంబర్లు ఎక్కడుంటాయని. ఆమె ఎందుకని అడగలేదు. ప్రశ్నలు అడగడమే జీవితంగా ఉన్న మనిషి, ఒక్క ప్రశ్నా లేకుండా తన ఫోన్‌లో పట్టిక తెరిచి అతని ముందు పెట్టింది. "ముప్పై ఒకటేగా అన్నయ్యా," అంది. అంటే ఆమె కూడా చూసింది. సార్ అనలేదని అతను ఆ తర్వాత గమనించాడు.

అతను తన ఫోన్ తీసి అంకెలు నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఫోన్లు కాసేపు పక్కన పెడదామా సార్," అన్నారు కోచ్‌గారు. మేనేజరు తలెత్తాడు. అవతల మోగుతోంది. బయటికెళ్ళి మాట్లాడొచ్చు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. బయట నడవాలో అయితే ఎవరూ వినరు, నర్సుకి ఫ్రిజ్ చూడమని చెప్పి, కారణం చెప్పకుండా, మళ్ళీ వచ్చి ఈ స్టూలెక్కి కూర్చోవచ్చు. అతను స్టూలు దిగాడు. పాదాలు నేలకి ఆనాయి. అక్కడే నిలబడ్డాడు.

అవతల ఎవరో ఎత్తారు. వెనక పసిపిల్లల ఏడుపులు, ఒకదాని మీద ఒకటి. నర్సు గొంతు తొందరగా ఉంది, ఏమిటో చెప్పండి, చేతిలో పని ఉందంది. అతను కంపెనీ పేరు చెప్పి, ఫ్రిజ్ పైన తెర మీద ఇప్పుడు ఎంతుందో చూడమన్నాడు.

"నాలుగు పాయింట్ రెండు. బాగానే ఉందిగా. పొద్దుట్నుంచీ అంతే ఉంది, ఈ మధ్య మీ మిషను అసలు సతాయించడం లేదు," అంది ఆమె, మెచ్చుకోలుగా.

గదిలో పెన్నులన్నీ ఆగిపోయాయి.

"అది ఫ్రిజ్ చెబుతున్న అంకె కాదమ్మా," అన్నాడు. "సెన్సర్ పలకకపోతే పాత అంకె అలాగే ఉండేట్టు పదకొండేళ్ళ కింద నేనే రాశాను. మంగళవారం నుంచి మీ దాంట్లో అదే ఉంది. లోపల ఎంతుందో మాకెవరికీ తెలీదు. చేతిలో ఉన్న సూది పక్కన పెట్టండి. ఇంకెవరికీ వెయ్యకండి. వేరే థర్మామీటరు ఉంటే తెచ్చి లోపల పెట్టండి, నేను లైన్లోనే ఉంటాను."

అవతల లోహపు పళ్ళెంలో ఏదో పెట్టిన చప్పుడు, చెప్పుల అడుగులు, ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు. అతను ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.